తెల్వక తెచ్చింది

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా నా ముక్కంత ముక్కు ఇంకొకరికి లేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, నలుగురూ అన్న మాట. మిద్దె మీద నిలబడి, కళ్లు మూసుకుని, ఒక్కసారి గాలి పీలిస్తే చాలు, ఏ కంపెనీ వాళ్లు ఏ పైపు తెరిచారో చెప్పేవాణ్ణి. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఎవరిది, కాలిన రబ్బరు వాసన ఎవరిది, తియ్యగా వచ్చి గొంతులో గీరుకునే స్పిరిట్ వాసన ఎవరిది, అన్నీ కంఠతా వచ్చు. నేను బాయిలర్ మీద పనిచేసిన మందుల కంపెనీలో ఒకసారి గ్యాసు లీకైతే, ఆ రోజు నాకు సెలవైనా, మేనేజరు తన కారు పంపి పిలిపించాడు. నేను పోయి, ముక్కు ఎగబీల్చి, నూట యాభై వాల్వుల్లో ఇదిగో ఇదీ అని వేలు పెట్టి చూపించాను.

ఈ కథ మా మనవరాలికి తక్కువలో తక్కువ యాభైసార్లు చెప్పి ఉంటాను.

ముక్కు సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఐదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగితే దిగదు, కక్కితే రాదు. దానికీ ఈ ముక్కుకూ సంబంధం ఉంది. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు నిజం చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఎక్కడో ఒక చోట దానికి రంగు పూస్తాను. పూసిన సంగతి నాకే తెలియదు. డెబ్బై రెండేళ్ల అలవాటు.

కాబట్టి రంగు ముందుగానే గీకేస్తాను. మేనేజరు కారు పంపలేదు. నేను ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాను, పంపుహౌసు పక్కనే టీ తాగుతున్నాను. వాల్వు బుస్సుమంటుంటే అక్కడున్న పదిమందికీ కనబడింది. వేలు పెట్టి చూపించింది నేనే, అంతవరకు నిజం. ఇక మిద్దె మీది విద్య ఏమిటంటే, మా డిష్ యాంటెనా తీగకు ఎప్పుడో ఎగిరొచ్చిన ఒక ప్లాస్టిక్ కవరు చిక్కుకుని ఉండేది. కళ్లు మూసుకునే ముందు అది ఏ వైపు ఊగుతోందో ఓరగా చూసేవాణ్ణి. పడమటి గాలైతే మందుల కంపెనీ, ఉత్తరం గాలైతే రబ్బరు ఫ్యాక్టరీ. ఏ పూట ఎవరు ఏం వదులుతారో ముప్పై ఏళ్లు ఆ షిఫ్టుల్లో పనిచేసినవాడికి తెలియకుండా ఉంటుందా? ముక్కుతో పనే లేదు.

ముక్కుతో పని లేకపోవడమే నా కొంప ముంచింది. నా కొంప అంటున్నాను గానీ, మునిగింది నేను కాదు.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. అప్పుడు ఇంట్లో ఐదుగురం. నేను, నా భార్య నర్సమ్మ, కొడుకు, కోడలు సుజాత, మనవరాలు. మనవరాలిని ఇంట్లో చిన్ని అంటాం, ఎనిమిదేళ్లది. కొడుకు పనిచేసేది కూడా మందుల కంపెనీయే. మందులు ఆగకూడదని వాళ్లను పదిహేను రోజులకొకసారి ఇంటికి పంపేవారు, మిగతా రోజులు లోపలే పడక. సుజాత పనిచేసే ప్యాకింగ్ సెక్షన్ మూతబడింది. ఇంటి వెనక వరుసగా మాకు కిరాయి రూములున్నాయి. అందులో ఒకదానిలో బీహార్ నుంచి వచ్చిన ఒక వెల్డరు కుటుంబం. వాళ్ల బిడ్డ పింకీ, మా చిన్ని ఒక ఈడు పిల్లలు. ఒకతి హిందీలో అంటే ఒకతి తెలుగులో బదులు చెప్పేది. దెబ్బలాటలు కూడా రెండు భాషల్లోనే.

బడి మూసేసి అప్పటికే ఏడాది దాటింది. ఫోనులో క్లాసులన్నారు. ఇంట్లో మంచి ఫోను ఒక్కటే, అది కొడుకు జేబులో కంపెనీ లోపల ఉండేది. చిన్ని రెండో తరగతి ఎప్పుడు చదివిందో మాకే తెలియదు. మూడుకు వచ్చిందని మాత్రం మెసేజీ వచ్చింది. ఏడో ఎక్కం దగ్గర ఆగిపోయింది. పొద్దంతా గేటు ఊచలు పట్టుకుని నిలబడేది. అన్నం దగ్గర పేచీ. రాను రాను మాట కూడా తగ్గింది. ఒకరోజు సుజాత "ఏందే, గట్ల గోడ దిక్కు సూస్కుంట కూసున్నవ్" అంటే, "క్లాసు ఇంటున్న" అంది. ముందర ఫోను లేదు, ఏమీ లేదు. మేము నవ్వాము. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రాదు.

అప్పుడు మొదలుపెట్టిందే వాసనల ఆట. సాయంత్రం ఎండ దిగాక నేనూ చిన్నీ మిద్దె ఎక్కేవాళ్లం. దూరంగా తెల్లాపూర్ అపార్టుమెంట్లు వరుసగా కనబడేవి. "ఇయ్యాల ఏం వాసన తాతా?" అని అడిగేది. నేను కళ్లు మూసుకుని, చేతులు చాపి, పెద్ద తతంగం చేసి, చెప్పేవాణ్ణి. ఆమె కూడా ముక్కు ఎగబీల్చి "కరెక్ట్" అనేది. ఆమెది నిజమైన ముక్కు. రోజు మొత్తంలో ఆ పిల్ల ముఖం వెలిగేది ఆ అరగంటే. ఈ మాటకు రంగు పూయలేదు.

ఇక అసలు సంగతి.

లాక్‌డౌన్ పెట్టి, పొద్దున ఆరు నుంచి పది దాకా మాత్రం బయటికి పోనిచ్చేవారు. నాకు బీపీ గోలీలు కావాలి. మందుల దుకాణం మా గల్లీ చివరనే. నేను ఇంట్లో చెప్పింది, లైను పెద్దగా ఉంటుంది, గంటలు పడుతుంది అని. నేను పోయింది ముత్తంగి. అక్కడ రింగురోడ్డు పక్కన ఖాళీగా ఉన్న గోదాములో నా పాత దోస్తులు ముగ్గురు పేకాటకు కూర్చునేవారు. నేను నాలుగోవాణ్ణి. ఒకే వారంలో మూడు పొద్దులు పోయాను. యాదగిరి అని ఒకడు, నాతో పాటు బాయిలర్ మీద చేసినవాడు, ముక్క వేయడానికి ముందు ఒకసారి, వేశాక ఒకసారి దగ్గేవాడు.

మా దిక్కు దగ్గుకు ఎవరూ భయపడరు. ఇక్కడ ఎవరు దగ్గినా వినబడేది ఒకే మాట, "గ్యాసొదిలిన్రు". చిన్నపిల్లలు దగ్గినా అదే, ముసలివాళ్లు దగ్గినా అదే. ముప్పై ఏళ్లుగా దగ్గుకు కంపెనీని తిట్టుకోవడం తప్ప ఇంకో కారణం వెతికే అలవాటు మాకు లేదు. యాదగిరి దగ్గాడు, ఒకడు "గ్యాసొదిలిన్రు" అన్నాడు, నేను అవునన్నాను, ముక్కలు పంచాను. పక్క రాష్ట్రంలో శవాలకు కట్టెలు దొరకడం లేదని టీవీలో రోజూ చూస్తూనే ఉన్నాను కదా, మరి ఆ గోదాములో నాకు ఎందుకు తట్టలేదు? తట్టింది. తట్టినా ఆట మధ్యలో లేచేంత గట్టిగా తట్టలేదు.

ఆ వెంటనే వచ్చిన సోమవారం పొద్దున నర్సమ్మ చారుకు పోపు వేసింది. చిటపటలు వినబడ్డాయి. వాసన రాలేదు. బాయిలర్ పొగ ఇన్నాళ్లకు ముక్కును తినేసింది కాబోలు అనుకున్నాను. అనుకుని, ఎందుకైనా మంచిదని, మోకాళ్లకు రాసుకునే మందు డబ్బా తీసి ముక్కుకు ఆనించుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కులో మాత్రం ఏమీ లేదు. వాసన పోతే ఏమని అర్థమో అప్పటికి దేశంలో తెలియనివాడు లేడు. డబ్బా మూత పెట్టి, అలమరలో పెట్టి, వచ్చి చారుతో అన్నం తిన్నాను. "ఎట్లున్నది" అని నర్సమ్మ అడిగింది. "మస్తున్నది" అన్నాను.

ఆ ఒక్క పూట నోరు తెరిచి ఉంటే చాలు. మిద్దె మీద చిన్న గది ఉంది, అందులో పడుకునేవాణ్ణి. నర్సమ్మకు షుగరు. ఆమె మంచానికీ నా మంచానికీ మధ్య జానెడు సందు. ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్లలో దీనికి పెద్ద పెద్ద కారణాలు చాలా కట్టుకున్నాను. ఇంట్లోవాళ్లు భయపడతారని, కోడలు ఒక్కతే ఏం చేస్తుందని. అవన్నీ తరువాత కట్టినవి. అప్పుడున్న కారణాలు రెండే, రెండూ చిన్నవే. ఒకటి, పేకాట బయటపడుతుంది. రెండోది రాయాలంటే సిగ్గుగా ఉంది. ముక్కు పోయిందంటే మిద్దె మీద ఆట పోతుంది, చిన్ని ముందర నా గొప్ప పోతుంది.

ఆ సాయంత్రం కూడా మిద్దె ఎక్కాను. కవరు తూర్పు వైపు ఊగుతోంది. పడమటి గాలి. కళ్లు మూసుకున్నాను.

"మందుల కంపెనీ. స్పిరిట్" అన్నాను.

చిన్ని పకపకా నవ్వింది. "కాదు తాతా. నాయినమ్మ ఎల్లిగడ్డ మాడవెట్టింది."

"నిన్ను పరీక్ష చేసిన బిడ్డా" అన్నాను.

ఆమె నమ్మింది. నేనంటే అంత నమ్మకం. ఇంకో రెండు రోజులు అలాగే నడిపాను, చచ్చిన ముక్కుతో ఒక్కటీ తప్పకుండా చెప్పాను. నిజం చెప్పనా? లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం చిన్ని గేటు దూకి వెనక రూముల వైపు పోయింది. పింకీ వాళ్ల అమ్మ గ్లాసుల్లో రస్నా పోసి, పుల్ల గుచ్చి, ఐసు చేసింది. ఇద్దరూ ఒక పుల్లను సగం సగం తిన్నారు. అది నేను చూశాను. నాలుక ఎర్రగా పెట్టుకుని వచ్చి, "అమ్మకు చెప్పకు తాతా" అంది. సరేనన్నాను.

శుక్రవారం సాయంత్రం నర్సమ్మకు ఒళ్లు కాలింది.

ఒక్కరోజు తేడా. ఒక్కరోజులో అంటుకుని ఒక్కరోజులో బయటపడే జబ్బు కాదని టీవీలో డాక్టర్లు రోజూ చెబుతూనే ఉన్నారు. పైగా పింకీ ఇంట్లో ఎవరికీ, ఆ రోజుకు గానీ ఆ తరువాత గానీ, తుమ్ము కూడా రాలేదు. ఈ లెక్క వేయగలిగినవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే, ఎందుకంటే సోమవారం సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారానికి నర్సమ్మకు దమ్ము ఆడలేదు. అంబులెన్సులో తీసుకుపోయారు. మిగతా ముగ్గురికీ ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు. ముగ్గురికీ ఉందన్నారు. సుజాతకు జ్వరం, చిన్నికి రెండు రోజులు నలత, నాకు ఏమీ లేదు. కొడుకు కంపెనీ నుంచి వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు, లోపలికి రావడానికి లేదు. మేము ముగ్గురం వరండా కటాంజనం ఊచల ఇవతల. ఆ మాట పడింది అక్కడే.

"నేనొచ్చి పదిహేనొద్దులాయె. సుజాత బైటికి పోలె. మరి ఇంట్లకెళ్లి ఎవరు పోయిన్రు?" అన్నాడు.

"నేను గోలీలకు పోయిన. మాస్కేసుకునే పోయిన" అన్నాను.

కొడుకు తలూపాడు. అప్పుడు చిన్ని, ఎవరూ అడగకుండానే, ముందుకు వచ్చి కటాంజనం పట్టుకుంది.

"నేను పోయిన డాడీ. పింకీవాళ్లింటికి. ఐసు సగం సగం తిన్నం."

ఎనిమిదేళ్ల పిల్ల ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు. చూడండి.

సుజాత చెయ్యెత్తింది. కొట్టలేదు, ఎత్తి అలాగే నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరైనా ఏదైనా అనాలని అందరూ ఎదురు చూస్తున్నట్టు ఉంది. అప్పుడు నేను అన్నాను.

"పోనియ్ రా. పోరికేం ఎర్క. తెల్వక తెచ్చింది."

ఇదే ఆ మాట. మూడే మూడు ముక్కలు. నేను చెయ్యి చిన్ని తల మీద పెట్టి అన్నాను. బయటినుంచి చూసేవాళ్లకు ఎంత దయగల తాత. అందులో తిట్టు లేదు, కోపం లేదు. పిల్లను కాపాడుతున్నట్టే ఉంది. కానీ క్షమించాలంటే ముందు తప్పు ఉండాలి కదా. నేను క్షమించి, ఆ తప్పును ఆ పిల్ల తల మీద పెట్టాను. చేతితో పాటు. "తెచ్చిందేమో" అని కూడా అనలేదు. "తెచ్చింది" అన్నాను. కొడుకు ఇక ఇంకేమీ అడగలేదు. గోలీల లైను అంతసేపు ఎందుకు పట్టిందని ఎవరికీ అనుమానం రాలేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తుంది, అందుకే రాస్తున్నాను.

ఒక్కసారే అన్నాను. ఆ తరువాత ఆ మాట నా నోట రాలేదు.

ఆ వచ్చిన గురువారం నర్సమ్మ పోయింది. దవాఖానవాళ్లు ముఖం కూడా చూపించలేదు. ఆమె గురించి ఇక్కడ ఎక్కువ రాయను. రాస్తే మీరు నన్ను చూసి జాలిపడతారు, నాకు అది కావాలనిపిస్తుంది, మళ్లీ రంగు మొదలవుతుంది.

నేను ఒక్కసారి అన్నా, ఆ మాట కాళ్లొచ్చి నడిచింది. గల్లీలో వాళ్లు అన్నారు, చుట్టాలు ఫోన్లలో అన్నారు. "పాపం, చిన్నపిల్ల, తెల్వక తెచ్చింది." అందరూ దయగానే అన్నారు. ఒక్కరు కోపంగా అన్నా ఆ పిల్ల ఎదురు తిరిగి ఉండేదేమో. దయకు ఎదురు ఎలా తిరుగుతుంది?

నెల తిరగకముందే పింకీవాళ్లు రూము ఖాళీ చేశారు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ మాట్లాడలేదు, అంతే. పింకీ వాళ్ల నాన్న సామాను ఆటోలో వేస్తుంటే నేను గేటు దగ్గరే నిలబడి ఉన్నాను. అడ్డుపడలేదు. చిన్ని కిటికీలోంచి చూసింది. పింకీ చెయ్యి ఊపింది. చిన్ని ఊపలేదు. తరువాత ఎప్పుడో అడిగితే, "నా గాలి దానికి తగుల్తదని" అంది.

చేతులు కడగడం అప్పుడే మొదలైంది. మొదట మేము మెచ్చుకున్నాము. టీవీలో చెప్పినట్టు ఇరవై లెక్కపెట్టి కడిగేది. తరువాత ఇరవైలు రెండు, మూడు. అన్నానికి ముందు, తరువాత, పుస్తకం ముట్టి, తలుపు ముట్టి, నన్ను ముట్టి. వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు వచ్చేది. బడి తెరిచాక బెంచీ చివర ఒక్కతే కూర్చుంటోందని, ఎవరికీ పెన్సిలు ఇవ్వదని, తీసుకోదని సారు పిలిపించాడు. నేనే పోయాను. ఇంట్లో కష్టం జరిగింది సార్ అని చెప్పి వచ్చాను. సంగారెడ్డి పెద్ద దవాఖానకు కూడా నేనే తీసుకుపోయాను. లైన్లో గంటన్నర. పక్కన నిలబడ్డ ఒక అవ్వతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతూ పొద్దు గడిపాను. లోపల డాక్టరమ్మ చేతులు చూసి, మలాం రాసిచ్చి, చిన్నిని అడిగింది, "ఏమన్నా భయమైతుందా అమ్మా?" చిన్ని నా వైపు చూసింది. నేను నవ్వుతూ, "మా పోరికి సాఫు ఎక్కువ మేడం" అన్నాను. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఎంత మంచి అవకాశమో చూడండి. తలుపు తెరిచి పెట్టి ఉంది. నేను దాన్ని నవ్వుతో మూసేశాను.

అయినా పిల్లలు పెరుగుతారు కదా, అదే పోతుందనుకున్నాను. కొంత పోయింది కూడా. ఎక్కాలు వచ్చాయి. నవ్వు వచ్చింది. చర్మం చలికాలంలో తప్ప పగలదు. మిద్దె ఆట మాత్రం ఆ ఎండాకాలంతోనే ఆగింది. ముక్కు నాకు మూడు నెలలకు తిరిగి వచ్చింది, ఇదివరకటికంటే బాగానే పనిచేస్తుంది. వాడుకునే పని లేదు.

ఈ ఏడాది సుజాతకు మగపిల్లాడు పుట్టాడు. చిన్నికి పదమూడు నిండాయి. మొన్న తొట్టెల చేశాము. పిల్లవాణ్ణి తొట్టెలో వేసేముందు ఒళ్లో పెట్టి ఫోటో తీద్దామని అందరూ చిన్నిని పిలిచారు. ఇల్లంతా చుట్టాలు. నేనూ ఆ సందడిలో ఏదో అన్నాను, నలుగురిని నవ్వించడానికి, ఏమన్నానో గుర్తు లేదు. చిన్ని రాలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎత్తుకోవే, నీ తమ్ముడే" అంది సుజాత.

"వద్దమ్మా. నాకు జెర దగ్గున్నది. తమ్మునికి తెస్త."

తెస్త. ఎవరైనా అంటే అంటుకుంటుందంటారు, వస్తుందంటారు. ఈ పిల్ల తెస్తానంటోంది. చుట్టాలు "ఎంత జాగ్రత్త పిల్ల" అన్నారు. ఆమెకు దగ్గు లేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. ఆ మాట ఎక్కడిదో కూడా నాకే తెలుసు. పిల్లవాడికి ఇప్పుడు నాలుగో నెల. ఇప్పటివరకు వాణ్ణి ఆమె ముట్టుకోలేదు. తొట్టె తాడు మాత్రం దూరం నుంచి లాగుతుంది.

నోటితో చెప్పబోయాను. కొడుకును కూర్చోబెట్టుకుని మొదలుపెడితే, రెండో మాటకే మేనేజరు కారు కథలోకి పోయాను. అందుకే కాగితం మీద పెట్టాను. నాలుగు పొద్దులు పట్టింది. మొదట కొడుకు చదివాడు. చదివి, "మూడు పొద్దులు పోయినవా పేకాటకు" అని ఒక్క మాట అడిగాడు. అవునన్నాను. చెప్పులు వేసుకుని డ్యూటీకి పోయాడు. నాతో మాట్లాడక వారం అయింది. సుజాత అన్నం పెడుతుంది, ముఖం చూడదు. అందులో అన్యాయం ఏమీ లేదు. నర్సమ్మ ఉంటే ఏమనేదో ఊహించుకోవడం మానేశాను, ఎలా ఊహించినా ఆమె చేత నాకు అనుకూలంగానే మాట్లాడిస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడం ఎలాంటి పనో నాకు బాగా తెలుసు. గొంతులో అడ్డం మాత్రం కొంచెం కదిలింది. నీళ్లు దిగుతున్నాయి.

ఇక్కడితో అయిపోయిందనుకుని కాగితాలు మడిచి, సుజాతతో చిన్నికి ఇప్పించాను. ఈ కింద ఉన్నది తరువాత చేర్చింది.

చిన్ని రెండు రోజులు కాగితాలు బడి సంచిలోనే పెట్టుకుని తిరిగింది. మూడోనాడు బడి నుంచి వచ్చి, సంచి భుజాన ఉండగానే, కాగితాలు పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. ఒక వరుస కింద పెన్సిలుతో గీత కొట్టి ఉంది.

"తాతా, గిది తప్పు రాసినవ్."

"ఏది బిడ్డా?"

"ఒక్కసారే అన్న అని రాసినవ్. ఒక్కసారి గాదు. ఆరుసార్లు."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు. పగిలి మానిన వేళ్లను ఒక్కొక్కటే మడిచింది.

"డాడీ అడిగిననాడు ఒకటి. నాయినమ్మ దినాలల్ల మేనత్తకు ఒకటి. పింకీవాళ్లు సామాను ఆటోల ఏస్తుంటే వాళ్ల డాడీకి, గది హిందీల అన్నవ్. బడి తెరిచినంక మా సార్‌కు. దవాఖాన లైన్ల ఆ అవ్వకు. మొన్న తొట్టెల నాడు అందరి ముంగట, నగుకుంట. గందుకే తమ్మున్ని ఎత్తుకోలె. రాసుడైతే సక్కగ రాయి."